బీపీ ఎంతండీ? - మూడొందల ఏళ్ళుగా కుదురుగా నిలబడని ఓ అంకె

"నాకు బీపీ తెప్పించకు" అనే మాట మనందరికీ అలవాటే. తెలుగులో బీపీ అంటే సగం జబ్బు, సగం కోపం. పైగా "ఆయనకి బీపీ ఉందండీ" అంటాం, మిగతావాళ్ళకి లేనట్టు! అసలు బీపీ లేనివాణ్ణి పాడె మీదే చూడాలి. ఈ వేళాకోళం ఎందుకంటే, ఈమధ్య మా ఇంట్లో ఈ బీపీ మీదే ఓ పంచాయితీ జరిగింది. దాన్ని తేల్చడానికి నాకు కాస్త చరిత్ర తవ్వాల్సొచ్చింది.

మా నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు. కొన్నేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. చేతికి పట్టీ చుట్టి బటన్ నొక్కితే అంకెలు చూపించే మిషన్ ఒకటి కొనిచ్చాను. పొద్దునా సాయంత్రమూ చూసుకుని, ఓ రూళ్ళ నోట్‌బుక్కులో తేదీ వేసి మరీ రాస్తారు. ఆదివారం ఫోన్లో నాకు చదివి వినిపిస్తారు. 134, 131, 136, 129... నేను "బావుంది నాన్నగారూ" అని పెట్టేస్తాను. డాక్టరుగారి దగ్గర ఎప్పుడైనా ఎక్కువొస్తే, "ఇక్కడ కాస్త కంగారండీ, ఇంట్లో బానే ఉంటుంది" అని ఆ పుస్తకమే చూపిస్తారు. ఆయన అదే మాత్ర కొనసాగించమంటారు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఓ సాయంత్రం పక్కనే కూర్చుని చూశాను. మొదటిసారి 158 వచ్చింది. "మిషన్‌కి ఏదో అయిందిరా" అని మళ్ళీ నొక్కారు. 149. మళ్ళీ నొక్కారు, 151. మంచినీళ్ళు తాగొచ్చి నొక్కితే 143. ఐదోసారికి 136 వచ్చింది. "ఆఁ, ఇదీ కరెక్టు" అని నోట్‌బుక్కులో 136 రాసి, పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, లాగ్ ఫైలు ఉండగా స్టేటస్ రిపోర్టు ఎవడు నమ్ముతాడు? మిషన్ మెమరీ బటన్ నొక్కి చివరి 60 రీడింగులూ ఎక్సెల్లోకి ఎక్కించాను. సగటు 148. నోట్‌బుక్కు సగటు 133. మనిషి ఒకడే, మిషన్ ఒకటే, రోజులు కూడా అవే.

"ఇంతకీ అందులో ఏది నా బీపీ అంటావు?" అని అడిగారు నాన్నగారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదువుతుంటే తెలిసింది, ఈ ప్రశ్నకి దాదాపు మూడొందల ఏళ్ళ వయసుందని.

అసలు బీపీని మొదట కొలిచింది డాక్టరు కాదు, ఓ చర్చి ఫాదరు. ఇంగ్లండులో టెడ్డింగ్టన్ అనే ఊళ్ళో ఉండే స్టీఫెన్ హేల్స్. ఆయన 1733లో అచ్చువేసిన పుస్తకంలో ఆ ప్రయోగం ఉంది. ఓ ఆడగుర్రాన్ని పడుకోబెట్టి, కట్టేసి, తొడ దగ్గరి ధమనిలో ఇత్తడి గొట్టం దూర్చి, దానికి తొమ్మిదడుగుల గాజు గొట్టం తగిలించాడు. (ఈ రోజుల్లో అయితే జైల్లో వేసేవారు, అది వేరే సంగతి.) రక్తం గుండె మట్టానికి పైన 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకి ఎగబాకింది. ఇప్పటి పాదరసం లెక్కలోకి మారిస్తే 190-200 మధ్య ఉంటుంది.

చాలా చోట్ల కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి. రక్తం పైకెక్కాక అక్కడ కుదురుగా నిలబడలేదని హేల్స్ రాసుకున్నాడు. నాడి కొట్టుకున్నప్పుడల్లా రెండు, మూడు, నాలుగు అంగుళాలు పైకీ కిందకీ ఆడేది. ఒక్కోసారి ఏకంగా 12-14 అంగుళాలు పడిపోయేది. ఇప్పటి లెక్కలో ఇది పాతిక పాయింట్ల మాట. అంటే చరిత్రలో మొట్టమొదటి రీడింగే ఊగిసలాడింది. హేల్స్ దాన్ని దాచలేదు, మిషన్ పాడైందనీ అనలేదు. చూసింది చూసినట్టు రాశాడు.

తొమ్మిదడుగుల గొట్టంతో రోజూ పని జరగదు కదా. 1828లో ఫ్రాన్సులో పాయిజల్ అనే ఆయన రక్తం బదులు పాదరసం వాడాడు. అది పదమూడు రెట్లు బరువు కాబట్టి గొట్టం పొట్టిదైపోయింది. మనం ఇప్పటికీ బీపీని పాదరసం మిల్లీమీటర్లలో చెప్పుకోవడం అక్కడి నుంచే. 1847లో జర్మనీలో కార్ల్ లుడ్విగ్ ఆ పాదరసం మీద ఓ తేలికపాటి బెండు వేసి, దానికి ములుకు కట్టి, తిరిగే డ్రమ్ము మీద గీత గీయించాడు. మన భాషలో చెప్పాలంటే మొదటి లాగింగ్ వ్యవస్థ అన్నమాట. ఆ గీతలు చూశాక తెలిసొచ్చింది, గుండె కొట్టుకుంటే ఒక అల, ఊపిరి తీస్తే దాని మీద ఇంకో పెద్ద అల. 1876లో జీగ్మండ్ మేయర్ అంతకంటే నెమ్మదిగా, పది సెకన్లకోసారి వచ్చే అలల గురించి రాశాడు. అంటే బీపీ ఒక అంకె కాదు, సిగ్నల్. ఆ సంగతి పందొమ్మిదో శతాబ్దం వాళ్ళకి బాగా తెలుసు.

మరి మనకెందుకు తెలియకుండా పోయింది?

ఎందుకంటే లుడ్విగ్ పద్ధతికి ధమని కొయ్యాలి. మామూలు రోగికి అది కుదరదు. 1896లో ఇటలీలోని టురిన్‌లో రీవా-రొచ్చి అనే డాక్టరు దీనికి ఓ చవకైన ఉపాయం కనిపెట్టాడు. సైకిల్ ట్యూబు ముక్క తీసుకుని జబ్బకి చుట్టి, గాలి కొట్టి, మణికట్టు దగ్గర నాడి ఎక్కడ ఆగిపోతుందో పాదరసం మీద చూశాడు. అంతే. కోత లేదు, నెత్తురు లేదు. 1901లో అమెరికన్ సర్జన్ హార్వే కుషింగ్ ఇటలీ వెళ్ళినప్పుడు దాన్ని చూసి తమ దేశానికి పట్టుకెళ్ళాడు. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గులో నికొలాయ్ కొరొత్కొవ్ అనే కుర్ర సర్జను పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. చప్పుడు మొదలైన చోట పై అంకె, ఆగిపోయిన చోట కింది అంకె. ఆయన రిపోర్టు పట్టుమని ఒక పేజీ కూడా లేదు. మనలో కొందరు రాసే డిజైన్ డాక్యుమెంట్లు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఇది గొప్ప విజయమే, సందేహం లేదు. కానీ దీంతో ఒకటి పోగొట్టుకున్నాం. ఎడతెగని సిగ్నల్ కాస్తా ఒక్క శాంపిల్ అయిపోయింది. రోజుకి లక్షసార్లు కొట్టుకునే గుండె తాలూకు రెండు దెబ్బలు పట్టుకుని "మీ బీపీ ఇంత" అని చీటీ మీద రాసివ్వడం మొదలైంది. తర్వాత బీమా కంపెనీలు దిగాయి. వాళ్ళకి ఫారంలో ఒక గడి, ఆ గడిలో ఒక అంకె కావాలి. సిగ్నళ్ళూ అలలూ వాళ్ళకెందుకు?

ఆ ఒక్క శాంపిల్ కూడా ఎంత సులువుగా తప్పుతుందో మొదటి రోజుల్లోనే బయటపడింది. రీవా-రొచ్చి పట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లే. అంత సన్నటి పట్టీతో రీడింగు లేనిపోని ఎక్కువ చూపిస్తుందని 1901లోనే ఫోన్ రెక్లింగ్‌హౌజెన్ అనే జర్మన్ డాక్టరు కనిపెట్టి, దాన్ని రెండింతలకి పైగా వెడల్పు చేశాడు. ఇప్పటికీ లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే అదే తప్పు జరుగుతుంది. నూటపాతికేళ్ళ క్రితం మూసేసిన బగ్గు ఇళ్ళల్లో రోజూ తిరిగి తెరుచుకుంటోంది.

ఇక్కడ రూజ్‌వెల్ట్ సంగతి చెప్పాలి. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ బీపీ 1935లో 136/78. 1937లో 162/98. 1941లో 188/105. ఏ ఒక్కదాన్ని విడిగా చూసినా "పని ఒత్తిడి, వయసు" అని సర్దుకోవచ్చు. అధ్యక్షుడి సొంత డాక్టరు అలాగే సర్దుకున్నాడు. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయెన్ అనే కుర్ర గుండె డాక్టరు పరీక్ష చేసి 186/108 అనీ, గుండె ఇప్పటికే దెబ్బతిన్నదనీ తేల్చాడు. అప్పటికి దీనికి పనికొచ్చే మందులు కూడా పెద్దగా లేవు. 1945 ఏప్రిల్ 12న తలనొప్పి అంటూ ఒరిగిపోయాక కొలిస్తే 300 దాటింది. ఆ మధ్యాహ్నమే పోయాడు. ఆ అంకెలన్నీ ఫైళ్ళలో ఉన్నాయి. వాటిని వరసగా పెట్టి, గీత ఎటు పోతోందో చూడాల్సినవాళ్ళు చూడలేదు. "హెచ్చుతగ్గులు మామూలే" అనే మాటలో నిజం ఎంతుందో ప్రమాదమూ అంతే ఉంది.

అలాగని దీనికి రెండోవైపు లేకపోలేదు. 1940లో అమెరికాలో ఏమన్, గోల్డ్‌షైన్ అనే ఇద్దరు డాక్టర్లు బీపీ రోగులకే కొలవడం నేర్పి ఇంటికి పంపారు. ఇంట్లో రీడింగులు క్లినిక్కులో కన్నా తక్కువొచ్చాయి. రోగి సొంతంగా కొలుచుకోవడం మన తరం ఫ్యాషన్ అనుకుంటాం గానీ, అది మా నాన్నగారికంటే పెద్దది! 1960ల చివర్లో ఆక్స్‌ఫర్డులో ధమనిలోనే సన్నటి గొట్టం పెట్టి, మనుషుల్ని వాళ్ళ పనుల మీద తిరగనిచ్చి రోజంతా రికార్డు చేశారు. లుడ్విగ్ డ్రమ్ము మీది అలలు మళ్ళీ బయటికొచ్చాయి. నిద్రలో బాగా దిగిపోతుంది, లేవగానే ఎక్కుతుంది, మాట్లాడితే ఒకలా, నొప్పెడితే ఒకలా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా అంతే.

1983లో ఇటలీలోనే జుసెప్పె మాంచియా బృందం ఇంకో అడుగు వేసింది. 48 మందికి ఇలాగే ధమనిలోంచి రికార్డు చేస్తూ, మధ్యలో ఓ డాక్టర్ని మంచం దగ్గరికి పంపారు. ఆయన వచ్చిన మొదటి నాలుగు నిమిషాల్లోనే పై అంకె సగటున 27, కింది అంకె 15 దాకా లేచింది. కాసేపటికి దిగడం మొదలైంది. తర్వాత నర్సుని పంపి చూస్తే ఆ పెరుగుదల దాదాపు సగమే. రోగి ఏం కదల్లేదు, ఏం తినలేదు. మనిషి వచ్చి నిలబడితేనే ఇంత! తెల్లకోటు బీపీ అని మనం వినేది ఇదే. 1988లో అది ఎందరిలో ఉంటుందో లెక్కగట్టి దానికి పేరు తెచ్చింది థామస్ పికరింగ్. 2002లో దీనికి తిరగేసిన రకానికి, అంటే క్లినిక్కులో బానే ఉండి ఇంట్లో ఎక్కువుండే దానికి, ముసుగు బీపీ అని పేరు పెట్టిందీ ఆయనే. ఆయన తండ్రి జార్జి పికరింగ్ ఇంకో పెద్ద తగాదాలో హీరో. 1950ల్లో రాబర్ట్ ప్లాట్ అనే డాక్టరు "బీపీ ఉన్నవాళ్ళు వేరు, లేనివాళ్ళు వేరు" అంటే, "గీత ఎక్కడ గీసినా అది మనం గీసుకున్నదే, ప్రకృతిలో లేదు" అని వాదించాడాయన. చివరికి ఆయన మాటే నిలబడింది.

మరి ఇంట్లో మిషన్ సంగతి? జపాను ఓమ్రాన్ కంపెనీ ఇంటి వాడకానికి బీపీ మిషన్ అమ్మడం మొదలుపెట్టింది 1973లో. ఇప్పటి మిషన్లు కొరొత్కొవ్ లాగా చప్పుడు వినవు. 1976లో వచ్చిన డైనామ్యాప్ అనే మిషన్ దారిలో, పట్టీలో గాలి అదురుని కొలుస్తాయి. అదురు అన్నిటికన్నా ఎక్కువున్న చోటు సగటు పీడనం. పై అంకె, కింది అంకె అక్కడి నుంచి ఫార్ములాతో కట్టినవే. ఆ ఫార్ములా ప్రతి కంపెనీకీ వేరు, సోర్సు కోడు ఎవరూ చూపించరు. అందుకే రెండు కంపెనీల మిషన్లు పక్కపక్కన పెట్టి కొట్లాడుకోవద్దు. పరీక్షల్లో నెగ్గిన మోడల్ ఒకటి కొనుక్కుని దాంతోనే ఉండటం మేలు.

ఇన్ని తప్పుల మధ్య ఇంటి రీడింగుకి విలువేముంది అనిపిస్తుంది కదా? నాకూ అదే అనుమానం వచ్చింది. దానికి జవాబు జపాన్‌లో ఇవాతె ప్రాంతంలోని ఒహసామా అనే చిన్న ఊరు ఇచ్చింది. 1980ల చివర్లో ఆ ఊరి జనానికి మిషన్లిచ్చి, రోజూ ఇంట్లో కొలిచి రాయమన్నారు. 1,700 మందికి పైగా ఏళ్ళ తరబడి గమనించి 1998లో ఫలితం చెప్పారు. ఎవరు ముందు పోతారో చెప్పడంలో, వైద్య పరీక్షల్లో కొలిచిన బీపీ కన్నా ఇంట్లో కొలిచినవాటి సగటే నయమని తేలింది. మిషన్ గొప్పదని కాదు. ఎక్కువసార్లు కొలిచారు, అదీ దాచకుండా రాశారు.

మన లెక్కలో ఇది తేలికే. ఒక్కో రీడింగు 12 పాయింట్లు అటూ ఇటూ ఊగుతుందనుకోండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని 24 రీడింగుల సగటు రెండున్నర పాయింట్లు ఊగుతుంది, అంతే. కానీ ఒకే కూర్చోవడంలో వరసగా ఐదుసార్లు నొక్కితే అవి సంబంధం లేనివి కావు. అందుకే డాక్టర్ల సంఘాలు చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది. ఏడు రోజులు, పొద్దున మాత్రకీ టిఫినుకీ ముందు, మళ్ళీ సాయంత్రం. ఐదు నిమిషాలు మాట్లాడకుండా వీపు ఆన్చి కూర్చుని, నిమిషం తేడాతో రెండేసి రీడింగులు. మొదటి రోజువి వదిలేసి, మిగతా 24 సగటు. యూరప్ లెక్క ప్రకారం ఇంటి సగటు 135/85 దాటితే ఎక్కువ, అమెరికా 2017 లెక్కలో 130/80.

చెయ్యి గుండె ఎత్తులో, బల్ల మీద ఉండాలి. పది సెంటీమీటర్లు కిందికుంటే ఏడెనిమిది పాయింట్లు ఊరికే కలుస్తాయి, హేల్స్ గొట్టంలో రక్తం బరువు లాంటిదే ఇదీ. 2024లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు పరీక్షించి చూస్తే చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే దాదాపు 4, పక్కకి వేలాడేస్తే ఆరున్నర పాయింట్లు ఎక్కువొచ్చింది. నాన్నగారు కొలుచుకునేది వాలు కుర్చీలో, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, టీవీలో వార్తలు చూస్తూ! మన వార్తా ఛానళ్ళకి ఎన్ని పాయింట్లు కలపాలో ఇంకా ఎవరూ తేల్చలేదు.

సగటు ఒక్కటే సరిపోతుందా అంటే అదీ కాదు. 2010లో ఆక్స్‌ఫర్డుకి చెందిన పీటర్ రాత్‌వెల్, డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ బీపీ బాగా మారిపోయేవాళ్ళకి పక్షవాతం ముప్పు ఎక్కువని చూపించాడు. అంటే ఊగడం అంతా నాయిస్ కాదు, అందులోనూ కొంత కబురుంది. వారాల తరబడి మరీ అడ్డదిడ్డంగా ఉంటే డాక్టరుకి చెప్పాల్సిందే. ఇక 180/120 దాటి, గుండెనొప్పో, ఆయాసమో, మాట తడబడటమో, కాలూ చెయ్యీ పట్టు తప్పడమో ఉంటే సగటూ లేదు, ఎక్సెల్లూ లేదు. నేరుగా ఆస్పత్రికే.

ఇవన్నీ చదివాక నాన్నగారికి జవాబు చెప్పాను. "136 అబద్ధం కాదు నాన్నగారూ, అది నిజంగానే మీ బీపీ. 158 కూడా మీదే. మొదటి రీడింగు ఎక్కువ రావడం మామూలే, దాన్ని అనుమానించడంలో మీ తప్పు లేదు. కానీ పాస్ మార్కు వచ్చేదాకా పరీక్ష రాయించి, ఆ ఒక్క పేపరే రిజిస్టర్లో ఎక్కించారు. మీ క్లాసులో ఎవడైనా అలా చేస్తే ఊరుకునేవారా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నారు, "ఎక్కువొస్తే మాత్ర పెంచుతారు, ఆ తర్వాత ఇంకోటి అంటారు. అందుకేరా." లెక్కలు తెలియక కాదు, భయంతో చేశారన్నమాట. ఫోన్లో ఆదివారం ఆదివారం "బావుంది" అనేసి పెట్టేసే నాకు ఆ భయం ఎప్పుడూ వినపడలేదు.

వారం రోజులు పద్ధతిగా కొలిచాం, వార్తలు కట్టేసి. 24 రీడింగుల సగటు 146/86. డాక్టరుగారు మెమరీ అంకెలూ, నోట్‌బుక్కూ రెండూ చూసి, ఏమీ అనకుండా మాత్ర డోసు మార్చారు. రెండు నెలల తర్వాత మళ్ళీ ఏడు రోజుల సగటు తీస్తే 131. ఎక్సెల్ నేర్పిస్తానంటే వద్దన్నారు. కాయితం మీదే కూడి, భాగించి, కింద రెండు గీతలు కొడుతున్నారు.

పోయిన ఆదివారం ఫోన్ చేశారు. "128, 133, 126, నిన్న పొద్దున మాత్రం 144 వచ్చిందిరా. రాసేశాను" అన్నారు.